సారె మీద పుట్టని కుండ

ముందే చెప్పేస్తాను. నేను వియత్నాం వెళ్లింది దొంగచాటుగా సారె తిప్పడం నేర్చుకోవడానికి.

సారె అంటే కుమ్మరి చక్రం. మా ఇంటి కొట్టంలో ఒకటి ఉంది, మా నాయిన దుర్గయ్యది. నెల్లికుదురుకు నాలుగు కిలోమీటర్ల అవతల మా ఊరు. ఇరవై నాలుగేళ్లు ఆ సారె పక్కనే పెరిగాను. మట్టి తొక్కాను, నీళ్లు మోశాను, కుండలు కాల్చే ఆవంలో పిడకలు పేర్చాను. సారెను మాత్రం ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని ముట్టుకోరు. చిన్నప్పుడు నా బంతి దాని కిందికి దొర్లిపోతే, అంగడికి పోయిన నాయిన తిరిగొచ్చేదాకా ఏడుస్తూ అక్కడే కూర్చున్నానట.

అలాగని మాకు పని తక్కువేం కాదు. సారె దిగిన కుండకు ఇంకా కడుపు ఉండదు. మా అవ్వ, అంటే మా అమ్మ, పేరు అండాలు, దాన్ని ఒళ్లో పెట్టుకుని, లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి గుండ్రంగా తెస్తుంది. పెంచింది ఆమె, పేరు మాత్రం సారెది. ఈ మాట నేనెప్పుడన్నా అంటే అవ్వ నా నెత్తి మీద ఒక్కటేసేది.

ఈ ఏడు మాఘమాసంలో నాయినకు పక్షవాతం వచ్చింది. మానుకోట దవాఖానలో పన్నెండు రోజులుండి వచ్చాడు. మాట నిలిచింది. కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు. కుడి చెయ్యి మాత్రం పనికిరాకుండా పోయింది. దానికి వారం ముందే మా ఊరి పుష్పమ్మ ఇచ్చిన తాంబూలం అందుకుని, వైశాఖంలో ఆమె మనవరాలి పెళ్లికి ఐరేండ్లు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు.

ఐరేండ్లంటే పెళ్లి కుండలు, మొత్తం ఏడు. సున్నం పూసి, ఎర్రమట్టి జాజుతో గీతలు దిద్ది సిద్ధం చేస్తాం. పెళ్లింటి ఆడవాళ్లు డప్పులతో మా ఇంటికొచ్చి, సారెకు పసుపు పెట్టి తీసుకుపోతారు. అవి పోనిదే మా దిక్కు పెళ్లి మొదలుకాదు. మా ఊరికి వాటిని ఇచ్చే హక్కు తాతల నాటి నుంచీ మా ఇంటిది. నాయినకు ఇంకో ఆస్తి లేదు. గర్వం కూడా ఇంకోటి లేదు.

నాయిన దవాఖాన నుంచి వచ్చిన నెలలోపే కుల పంచాయితీ కూర్చుంది. మాట ఎత్తింది కొమురెల్లి, నాయినకు పాలివాడు, నాకు చిన్నాయిన వరస.

"అన్న చెయ్యి పడిపోయినందుకు నాకూ బాధనే," అన్నాడు. "గని పెండ్లి ఆగుతదా? చేసే చెయ్యి లేని ఇంటికెళ్లి హక్కు పక్కింటికి పోతది. గిది నేను పెట్టిన కట్టు కాదు."

కులపెద్ద చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "పుష్పమ్మ ఇంటికి ఐరేండ్లు నీ ఇంట్లకెళ్లి పోతే హక్కు నీదే ఉంటది దుర్గయ్యా. పోకుంటే కొమురెల్లిది. గంతే."

నాయిన తలూపాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పడు కూడా, ఎందుకంటే అది న్యాయమేనని ఆయన నమ్మకం. కొమురెల్లి చిన్నాయిన చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన మంచి పనివాడు, అబద్ధమాడడు. నాకు అదే ఎక్కువ మంట.

మా అన్న చిరంజీవి భూపాలపల్లి బొగ్గు గనుల్లో టిప్పర్ నడుపుతాడు. రెండు ఆదివారాలు వచ్చి సారె ముందు కూర్చున్నాడు. ఆరు కుండలు ఎత్తితే ఆరూ కూలబడ్డాయి. "నాకు స్టీరింగ్ తిరుగుతది గని గిది తిరగదే సౌందర్యా" అని చేతులు కడుక్కుని బస్సెక్కాడు. వాడు పదిహేనేళ్లకే మట్టి వదిలి పోయినవాడు, వాణ్ణని ఏం లాభం?

అప్పుడే హైదరాబాద్ నుంచి లత మేడం ఫోన్ చేసింది. చేతిపనుల సంస్థ ఒకటి ఆరుగురు కుమ్మరులను వియత్నాం తీసుకుపోతోంది, అక్కడి కుమ్మరి ఊళ్లు చూపించడానికి. నాయిన పేరు కిందటేడే ఖాయమైంది. ఆయన రాలేడంటే ఆ సీటు ఎవరికి? నేను మానుకోటలో నెట్ సెంటర్లో పనిచేస్తూ ఊరందరికీ పాస్‌పోర్టు ఫారాలు నింపిన దాన్ని. ముచ్చటపడి నాకూ ఒకటి తీసుకుని ఉన్నాను.

"నేనూ చేస్తా మేడం, పదేండ్ల నుంచి చేస్తున్నా," అన్నాను. ఫారంలో కూడా అదే రాశాను.

నా ఆలోచన ఒక్కటే. అక్కడ మావాళ్లెవరూ ఉండరు. పది రోజుల్లో సారె చేతికొస్తుంది. తిరిగొచ్చి కొట్టం తలుపులు మూసుకుని ఏడు కుండలు ఎత్తేస్తాను. చిరంజీవి ఎత్తాడని చెబుదాం. నాయిన మాట నిలుస్తుంది.

*

హనోయ్ పక్కనున్న ఊళ్లో మమ్మల్ని ఒక పెద్ద హాల్లోకి తీసుకుపోయారు. వరసగా పన్నెండు సారెలు, అన్నీ కరెంటువి. కాలితో మీట నొక్కితే తిరుగుతాయి. మాతో వచ్చిన ఐదుగురు మగవాళ్లూ కూర్చున్న చోటే కుండలు లేపారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. లత మేడం ఫోన్‌తో వీడియో తీస్తోంది.

"సౌందర్యా, నీ వంతు. మన మానుకోట కుండ ఎట్లుంటుందో చూపించు."

కూర్చున్నాను. మీట నొక్కాను. మట్టి ముద్ద నా ముందు గిర్రున తిరుగుతోంది. నేను వచ్చింది దీనికోసమే. కులపెద్ద లేడు, చిన్నాయిన లేడు, నాయిన మంచంలో ఉన్నాడు. చేతులు చాపాను. మట్టికి జానెడు దూరంలో అవి ఆగిపోయాయి. దించమని నన్ను నేను ఎంత తిట్టుకున్నా దిగలేదు. నా ప్రాణం మీద నాకే అసహ్యం వేసింది. చేతులు వెనక్కి పెట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఏమైంది?"

"నాకు రాదు మేడం."

"రాదా? పదేళ్ల అనుభవం అని రాశావు కదా!"

"మట్టి తొక్కుడుల ఉంది మేడం."

నాతో వచ్చిన మగవాళ్లు నవ్వారు. లత మేడం నవ్వలేదు. ఫోన్ దించి, పక్కకు పిలిచి మెల్లగా అంది. "ఒక పనివాడి సీటు తినేశావమ్మా నువ్వు." గట్టిగా తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు విమానంలో దక్షిణానికి తీసుకుపోయారు. అక్కడ చామ్ అనేవాళ్ల ఊరొకటి. బోర్డు మీద బావ్ ట్రుక్ అని ఉంది, వాళ్లు పలకడం మాత్రం వేరేగా పలికారు. ఆ ఊళ్లో కుండలు చేసేది ఆడవాళ్లేనని దారిలో చెబితే నేను నమ్మలేదు.

రేకుల పందిరి కింద డెబ్బై ఏళ్ల పెద్దామె ఒకావిడ నిలబడి ఉంది. ఆమె ముందు నడుమెత్తు దిమ్మె, దాని మీద మట్టి ముద్ద. నేను చుట్టూ వెతికాను.

"సారె ఏది?" అని అడిగాను.

మా వెంట వచ్చిన దుబాసీ పిల్ల ఆమెను అడిగి, నవ్వుతూ నాకు చెప్పింది. "వీళ్లకు లేదు. ఎప్పుడూ లేదు."

పెద్దామె పని మొదలుపెట్టింది. ముద్దను పిడికిలితో గుంట చేసి, మట్టి తాళ్లు పేర్చి, దాని చుట్టూ తనే తిరగసాగింది. కుండ కదలదు, మనిషి తిరుగుతుంది. అదీ వెనక్కి, అడుగు వెనక అడుగు. ఎడమ చెయ్యి కుండ లోపల, కుడి చెయ్యి బయట. తడిగుడ్డతో అంచు పట్టుకుని ఒక చుట్టు తిరిగేసరికి మూతి నున్నగా వచ్చేసింది. సారెను ముట్టుకోకూడదన్నారు గానీ, నేనే తిరగకూడదని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

నన్ను రమ్మంది. నేను గుడి చుట్టూ తిరిగినట్టు ముందుకు నడిచాను. ఆమె పకపకా నవ్వి, భుజాలు పట్టుకుని ఆపి, అలాగే ఎదురు దిక్కున వెనక్కి తోసింది. రెండు చుట్లకే కళ్లు తిరిగి కూలబడ్డాను. ఆమె నీళ్లిచ్చి మళ్లీ లేపింది. ఉన్న మూడు రోజులూ భోజనానికి కూడా ఆ పందిరి వదల్లేదు. చివరి రోజు మూతి వంకర కుండ ఒకటి నిలబడింది. ఆమె దాని చుట్టూ చూసి, నా చెంప మీద మట్టిచేత్తో చిన్నగా తట్టింది. నాకు ఏడుపొచ్చింది.

*

చైత్రం మొదట్లో ఇల్లు చేరాను. పెళ్లికి ముప్పై ఐదు రోజులుంది. బ్యాగు పడేసి, రోలు తిరగేసి దాని మీద మట్టి ముద్ద పెట్టి, వాకిట్లో తిరగడం మొదలుపెట్టాను. మంచంలో నాయిన తలెత్తి చూశాడు. లోపలి నుంచి అవ్వ వచ్చింది. ఆమె చేతిలో చాట కింద పడింది.

"ఓ సౌందర్యా! ఏందే గది! పీనుగు సుట్టు తిరిగినట్టు తిరుగుతున్నవ్!"

అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. మా దగ్గర కుండ పట్టుకుని ఆ ఎదురు దిక్కున తిరిగేది ఒక్కచోటే, శవం చుట్టూ. తలకొరివి పెట్టేవాడు తిరుగుతాడు. అక్కడ, ఆ పెద్దామె పందిరి కింద, నాకు ఆ ఊహే రాలేదు. ఇక్కడ పడిపోయిన మా నాయిన ఎదురుగా, ఆయన వాకిట్లో, పెళ్లికుండ అని చెప్పి అలా తిరిగాను.

"నాయినా," అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. నేను కొట్టం వెనక, ఆయనకు కనబడకుండా తిరిగాను. అవ్వ మట్టి తెచ్చిచ్చేది గాని నా వైపు చూసేది కాదు. దిక్కు మార్చి తిరిగితే కుడి చెయ్యి కుండకు అడ్డంపడి గోడలు చీలిపోయేవి. పాత దిక్కున తిరుగుదామంటే అవ్వ మాట చెవిలో మోగేది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క కుండ నిలబడలేదు. ఒకరోజు అవ్వే మెల్లగా అంది.

"తలుపులేసుకుని సారె మీదనే చెయ్యరాదే. ఎవలు సూస్తరు? నేను మీ నాయినకు చెప్ప."

మా అవ్వ నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే ఆమె ఎంత భయపడిపోయిందో అర్థమైంది. "నాతోని కాదవ్వా," అన్నాను. ఎందుకు కాదో చెప్పలేదు.

చెప్పింది లత మేడం. నాయిన ఆరోగ్యం కనుక్కోవడానికి ఆయనకే ఫోన్ చేసింది. నాయిన ఎడమ చేత్తో ఫోన్ పట్టుకోవడం ఇంకా అలవాటు కాక స్పీకర్ పెట్టి పొట్ట మీద పెట్టుకున్నాడు. నేను కొట్టం వెనక నుంచి అంతా విన్నాను.

"మీ అమ్మాయి మా పరువు తీసింది దుర్గయ్యగారూ. అంతమంది ముందు మిషన్ సారె దగ్గర కూర్చోబెడితే, చేతులు వెనక్కి పెట్టుకుని లేచిపోయింది. ముట్టుకోలేదు సార్, కనీసం వేలు కూడా పెట్టలేదు. రాకపోతే ముందే చెప్పాలి కదా?"

నాయిన ఫోన్ పెట్టేశాడు. తర్వాత కాలు ఈడ్చుకుంటూ వస్తున్న అలికిడి. ఆయన కొట్టం వెనక్కి రావడం పక్షవాతం వచ్చాక అదే మొదటిసారి. చిన్నపీట కాలితో జరుపుకుని నా పక్కన కూర్చున్నాడు.

"సూసేటోడు లేడు గదా ఆడ," అన్నాడు.

"లేడు."

"మరెందుకు ముట్టలే?"

"నాకేం తెల్సు నాయినా. చేతులు దిగలే."

ఆయన కూలిపోయిన నా కుండ వైపు చూస్తూ ఉన్నాడు. ఎడమ చేత్తో మట్టి ముద్ద అందుకున్నాడు. ఆ చేత్తో అన్నం కలుపుకోవడం ఈ మధ్యే నేర్చుకున్నాడు, గుండీ పెట్టుకోవడం ఇంకా రాలేదు.

"కుడి చెయ్యి లోపల పెట్టు," అన్నాడు. "ఎడమ చెయ్యి బయటికి తియ్యి. గిప్పుడు గుడి సుట్టు తిరిగే దిక్కు తిరుగు. ఎనకకే తిరుగు, ఏం కాదు. దిక్కు మంచిగుంటే సాలు."

"ఎడమ చేత్తోని నాకు రాదు నాయినా."

"నాకు మాత్రం వచ్చునా? ఇద్దరం నేర్సుకుందాం."

*

నేర్చుకోవడమంటే ఏదో ముద్దుగా జరిగిందనుకోకండి. నాయిన నోరు మంచిది కాదు. పడిపోయిన మూతితో కూడా ఆయన తిట్లు స్పష్టంగానే వచ్చేవి. నా ఎడమ బొటనవేలు ఎక్కడ ఒత్తాలో తన ఎడమ బొటనవేలితో మట్టి మీద ఒత్తి చూపేవాడు. ఆయనది వణికేది, నాది జారేది. పొద్దున్నుంచి వెనక్కి నడిచి నడిచి రాత్రి పడుకుంటే ఇల్లంతా వెనక్కి తిరుగుతున్నట్టే ఉండేది. అయినా ఎనిమిది రోజులకు తొమ్మిది కుండలు నిలబడ్డాయి. అవ్వ ముట్టిచూసి, మెత్తబడిన మొహంతో చెక్క అందుకుని కడుపులు కొట్టింది.

ఎండబెట్టి, ఆవంలో పేర్చి, పిడకలు, గడ్డి కప్పి కాల్చాం. సాయంత్రం లోపల టప్ టప్‌మని చప్పుడు మొదలైంది. ఒక్కో చప్పుడుకూ అవ్వ కళ్లు మూసుకుంది. పొద్దున తీస్తే తొమ్మిదింట్లో ఏడు పగిలి ఉన్నాయి.

నాయిన పెంకు ఒకటి చేతిలోకి తీసుకుని, విరిచి, నాలిక మీద పెట్టుకున్నాడు. "ఇసుకేదే?" అన్నాడు అవ్వతో.

"ఇసుకెందుకు ఉంటది? రెండుసార్లు జల్లించిన," అంది అవ్వ గర్వంగా.

మా అవ్వ నలభై ఏళ్లుగా అదే చేసింది. సారె మీద తిరిగే మట్టిలో ఇసుక పలుకు ఉంటే వేళ్లు కోసుకుపోతాయి. అందుకని పిండిలా జల్లించి పెట్టేది. తిరగని సారె కోసం మళ్లీ అంతే శ్రద్ధగా జల్లించింది. ఆ చామ్ పెద్దామె గుప్పిళ్లతో ఇసుక కలుపుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను, నాకూ గుర్తు రాలేదు. ఇసుక మట్టిని ఊపిరి వదలనిస్తుంది, లావు గోడల కుండ పగలకుండా కాలుతుంది. పెళ్లికి ఇక పద్నాలుగు రోజులు.

అవ్వ చీర బిగించి వాగుకు పోయి గంపెడు ఇసుక తెచ్చింది.

రెండో ఆవం పెళ్లికి నాలుగు రోజుల ముందు పెట్టాం. అంతకు ముందు కుండలు ఆరలేదు, తర్వాత ఇంకోసారి కాల్చే టైమ్ లేదు. నిప్పు అంటించిన గంటకు మరిపెడ దిక్కు నుంచి నల్లటి మబ్బు లేచింది. గాలి దుమారం మొదలైంది. చిరంజీవి భూపాలపల్లి నుంచి టిప్పర్ మీద కప్పే పెద్ద తాటిపత్రి తెచ్చి ఉన్నాడు. నాలుగు మూలలా నలుగురం ఎత్తి పట్టుకుంటే గాని ఆవం మీద నీడ నిలవదు. నాయిన ఒంటిచేత్తో ఒక మూల పట్టుకోబోయాడు, గాలి ఆయనను కూడా లేపేలా ఉంది. అంతలో ఎవరో వచ్చి ఆ మూల లాక్కున్నారు. కొమురెల్లి చిన్నాయిన.

"నువ్వెందుకచ్చినవ్?" అంది అవ్వ.

"ఆవం మీద వాన పడుతుంటే సూసుకుంట కూసుంటనా వదినా?"

గంటన్నర వాన కొట్టింది. మా చేతులు లాగేశాయి. వాన తగ్గాక చిన్నాయిన తాటిపత్రి దించి, కొట్టంలోకి తొంగిచూశాడు. సారె మీద చిరంజీవి వదిలేసినప్పటి నుంచీ పేరుకున్న దుమ్ము అలాగే ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, వెళ్లిపోయాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

ఎనిమిది పెట్టాం. ఏడు బాగా వచ్చాయి. కావలసినవి ఏడే.

*

ఐరేండ్ల రోజు పొద్దున అవ్వ నాయిన కాళ్ల దగ్గర కూర్చుంది.

"కొమురెల్లి అడుగుతడు. అడిగితే చిరంజీవి తిప్పిండని చెప్పు. ఒక్క మాట. నీ కాళ్లు మొక్కుత."

నాయిన చొక్కా గుండీలు ఎడమ చేత్తో ఒక్కోటి పెట్టుకుంటూ ఉన్నాడు. ఆయన అబద్ధమాడితే హక్కు నిలుస్తుంది, ఆయన నిలవడు. నిజం చెబితే హక్కు పోతుంది, ఇన్ని రోజుల తిరుగుడూ మట్టిపాలే.

పది గంటలకు డప్పులు వినబడ్డాయి. ముందు పుష్పమ్మ, చేతిలో పసుపు కుంకుమల పళ్లెం. వెనక పెళ్లికూతురి తల్లి, చుట్టాల ఆడవాళ్లు, తలల మీద బియ్యం, చీర. కులపెద్ద, కొమురెల్లి చిన్నాయిన పక్కగా వచ్చి నిలబడ్డారు. వాకిట్లో ఏడు కుండలు, తెల్లటి సున్నం మీద ఎర్రటి గీతలు. గీతలు అవ్వ దిద్దింది.

చిన్నాయిన వంగి ఒక్కో కుండనూ వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఏడూ ఖంగుమన్నాయి.

"కాలుడు మంచిగ కాలినయి," అన్నాడు లేస్తూ. తర్వాత నాయిన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అన్నా, ఒక్క మాట అడుగుత. ఏమనుకోకు. గివి సారె మీదికెళ్లి దిగినయా?"

డప్పులు ఆగాయి. చిరంజీవి నోరు తెరవబోయాడు. నాయిన ఎడమ చెయ్యి ఎత్తాడు, వాడు ఆగిపోయాడు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

"లేదు," అన్నాడు నాయిన. "సారె తిరగలే. నా బిడ్డె తిరిగింది."

"అంటే?" అన్నాడు కులపెద్ద.

"మట్టిని నడుమ పెట్టి దాని సుట్టు నడిసింది. రోజూ పొద్దందాక. సారెను ముట్టలే. దేశం గాని దేశంల కూడ ముట్టలే. కుండ మంచిదే. అబద్ధమైతే నేను చెప్ప."

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కష్టం ఉంది.

"గదంత సరే దుర్గయ్యా. కుండ ఎత్తే ముందుగాల పెండ్లింటి ఆడోళ్లు సారెకు పసుపు పెడతరు. దాని మీద పుట్టింది గనుక దాన్ని మొక్కి కుండ అడుక్కుంటరు. గది మన పద్ధతి. గీ కుండలు దాని మీద పుట్టనే లేదంటివి. మరి పసుపు దేనికి పెట్టాలె? పసుపు పెట్టకుంట ఎత్తితే గవి ఐరేండ్లెట్లయితయ్?"

అదే ప్రశ్న నాయినే వేసేవాడు, ఇంకెవరి వాకిట్లోనైనా. ఆయన తల దించుకున్నాడు. పళ్లెం పట్టుకున్న పుష్పమ్మ కొట్టంలోకి చూసింది, దుమ్ము పట్టిన సారె వైపు. కుండల వైపు చూసింది. తర్వాత చిన్నగా మూలుగుతూ, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, నా ముందు వాకిట్లో చతికిలబడింది.

"తిరిగినదానికి పెడతం," అంది కులపెద్దతో, తల ఎత్తకుండానే. "జర కాలు ముందుకు పెట్టు బిడ్డా."

ఆమె వేళ్లకు తడి పసుపు ఉంది. మా అవ్వ కంటే పదేళ్లు పెద్దది, ఊరంతా అక్కా అని చేతులు జోడించే మనిషి. ఆమె నా కాళ్లు ముట్టుకోవడమేంటి? ఆ కాళ్లకు మడమల నిండా పగుళ్లు. గబుక్కున వెనక్కి లాక్కోబోయాను.

"కదలకు బిడ్డా," అన్నాడు నాయిన వెనక నుంచి. "పసుపు పెట్టేటప్పుడు సారె కదలద్దు."